పరీక్షల వేళ జబ్బు పడితే, ఇంట్లో కష్టం వస్తే: ఎవరిని, ఎప్పుడు, ఏ కాగితంతో అడగాలి?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడగానే ప్రతి కాలేజీ ఆఫీసు ముందూ ఇద్దరు ముగ్గురు విద్యార్థులు దిగాలుగా నిలబడి ఉంటారు. ఒకరికి బండి మీద నుంచి పడి కుడిచెయ్యి విరిగింది. ఒకరి నాన్న పోయి వారం కాలేదు. ఒకమ్మాయికి ఎనిమిదో నెల. "ఏదన్నా చేయండి సార్" అంటారు. సార్‌కి జాలి లేక కాదు, ఆ "ఏదన్నా" ఏంటో ఆయనకీ చాలాసార్లు తెలియదు.

మన దగ్గర ఇలాంటి కష్టాలన్నిటికీ కలిపి ఒక ఫారం, ఒక కౌంటర్ లేవు. హాజరు తగ్గితే ఒక దారి, ఫీజు గడువు దాటితే ఇంకో దారి, చేత్తో రాయలేకపోతే మరో దారి. ఏ దారిలో వెళ్లినా పరీక్షకు ముందు రాతపూర్వకంగా అడిగినవాళ్లకు దొరికేది ఎక్కువ. పరీక్ష అయ్యాక అడిగితే సానుభూతి తప్ప చేతికొచ్చేది తక్కువ. ఈ వ్యాసమంతా ఆ "ముందు" ఏం చేయాలన్నదాని గురించే.

మొదట: మీ పరీక్ష పెట్టేది ఎవరు?

ఇది తెలియక తిరిగేవాళ్లు చాలామంది. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల డిగ్రీ కాలేజీలు ఎక్కువగా మహాత్మా గాంధీ యూనివర్సిటీ కిందికి వస్తాయి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలవి పాలమూరు యూనివర్సిటీ కిందికి వస్తాయి. మొదటిది 2007లో, రెండోది 2008లో పెట్టారు. అంతకుముందు ఇక్కడి కాలేజీలు ఉస్మానియాకు అనుబంధంగా ఉండేవి కాబట్టి నియమాల్లో ఆ పోలికలు ఇప్పటికీ కనిపిస్తాయి.

కానీ అందరూ ఈ రెండింటి కిందే లేరు. నల్లగొండలోని నాగార్జున ప్రభుత్వ కళాశాల, అదే మన ఎన్జీ కాలేజీ, అటానమస్. అలాంటి చోట పరీక్షలు పెట్టేది, పేపర్లు దిద్దించేది కాలేజీయే. కాబట్టి యూనివర్సిటీ చుట్టూ తిరగక్కర్లేదు, పరీక్షల పని చూసే అధికారి, అంటే కంట్రోలర్, కాలేజీలోనే ఉంటారు. ఇంజినీరింగ్, ఫార్మసీ కాలేజీలు చాలావరకు జేఎన్‌టీయూ హైదరాబాద్‌వి. మెడికల్, నర్సింగ్ అయితే వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం.

మీ పాత హాల్‌టికెట్ పైన ఎవరి పేరుందో చూడండి. మీ అర్జీ చివరికి చేరాల్సింది ఆ సంస్థ కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కి. కానీ నేరుగా అక్కడికి వెళ్లకండి. ప్రిన్సిపాల్ సంతకం, సిఫారసు లేని కాగితాన్ని ఎగ్జామినేషన్ బ్రాంచిలో చాలాసార్లు "కాలేజీ నుంచి రాయించుకుని రాండి" అని తిప్పి పంపుతారు. మక్తల్ నుంచో, దేవరకొండ నుంచో బస్సెక్కి వచ్చినవాళ్లకు ఒక రోజు కూలీ, చార్జీలు పోయినట్టే.

రెండోది: కాగితాలు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. అర్జీలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీ దేనికీ పనికిరాదు. సూది అక్కడే వేయించుకుని ఉండొచ్చు, తగ్గిపోయి కూడా ఉండొచ్చు, అయినా ఆ చీటీ చెల్లదు. రిజిస్టర్డ్ డాక్టర్ ఇచ్చిన పత్రం కావాలి. దాని మీద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర, తేదీ ఉండాలి. స్క్రైబ్ (మీరు చెబుతుంటే మీ బదులు రాసే మనిషి) లాంటి పెద్ద సదుపాయం అడుగుతుంటే సర్కారు దవాఖాన పత్రం తప్పనిసరి అనుకోండి. నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధంగా పెద్ద దవాఖాన ఉంది. అన్ని విభాగాల డాక్టర్లూ అక్కడ ఉంటారు. ప్రైవేటులో వైద్యం చేయించుకుంటున్నవాళ్లు ఆ రిపోర్టులన్నీ పట్టుకుని ఇక్కడ ఓపీ రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయినవాళ్లకు డిశ్చార్జి సమ్మరీ మంచి ఆధారం, దాన్ని పారేయకండి.

పత్రంలో ఏం రాయించుకోవాలి? "జ్వరంతో బాధపడుతున్నారు, 10 రోజులు విశ్రాంతి అవసరం" అని రాస్తే హాజరు మినహాయింపుకి సరిపోతుంది. పరీక్షలో సదుపాయానికి సరిపోదు. అక్కడ డాక్టర్ చెప్పాల్సింది జబ్బు పేరు ఒక్కటే కాదు, దానివల్ల మీరు ఏం చేయలేరో కూడా. "కుడి మణికట్టు ఎముక విరిగింది, పట్టీ ఫలానా తేదీ వరకు ఉంటుంది, అప్పటిదాకా పెన్ను పట్టుకుని రాయలేరు" అన్న ఒక్క వాక్యం పది రిపోర్టుల పెట్టు. డాక్టర్లు తొందరలో ఉంటారు, వాళ్లంతట వాళ్లు ఇంత వివరంగా రాయరు. "సార్, పరీక్షకి ఇవ్వాలి, రాయలేనని కొంచెం స్పష్టంగా రాయండి" అని మీరే అడగాలి.

తేదీల సంగతి. జబ్బు చేసినప్పుడే పత్రం తీసుకోండి. రెండు నెలల తర్వాత వెళ్లి పాత తేదీ వేయించుకోవాలని చూస్తే మంచి డాక్టరెవరూ ఒప్పుకోరు. డబ్బులిస్తే ముద్ర కొట్టిచ్చేవాళ్లు దొరుకుతారన్నది అందరికీ తెలిసిందే. అటు పోకండి. దొంగ సర్టిఫికెట్ అని తేలితే పోయేది ఒక్క పేపర్ కాదు.

జబ్బు కాకుండా ఇంటి కష్టమైతే కాగితం వేరు. ఎవరైనా పోతే మరణ ధ్రువీకరణ పత్రం గ్రామ పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఇస్తారు. అది రావడానికి రోజులు పడుతుంది, పరీక్ష ఆగదు. అప్పటిదాకా దవాఖాన ఇచ్చిన చీటీ గానీ, పంచాయతీ కార్యదర్శి రాసిచ్చిన లేఖ గానీ పెట్టి, "అసలు పత్రం తర్వాత సమర్పిస్తాను" అని అర్జీలోనే రాయండి. యాక్సిడెంటు అయితే ఎఫ్‌ఐఆర్ కాపీ. ఇంట్లో కొడుతున్నారు, చదువు మాన్పించి పెళ్లి చేస్తామంటున్నారు అన్నప్పుడు కాగితం కోసం చూడొద్దు. ముందు 181 మహిళా హెల్ప్‌లైన్‌కి గానీ, జిల్లాలోని సఖి కేంద్రానికి (కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సర్కారు కేంద్రం) గానీ చెప్పండి. కాలేజీకి చూపించడానికి కాగితం అక్కడి నుంచే వస్తుంది.

మూడోది: అర్జీ

అర్జీ ఒక పేజీ దాటొద్దు. కథంతా రాయకండి. తెలుగులో రాసినా ఏమీ కాదు, తప్పుల ఇంగ్లిష్ కన్నా తెలుగే నయం. నమూనా ఇది:

*గౌరవనీయులైన కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ గారికి,*
*ద్వారా: ప్రిన్సిపాల్, … కళాశాల*

*విషయం: … సెమిస్టర్ పరీక్షల్లో స్క్రైబ్, అదనపు సమయం కోరుతూ విన్నపం.*

*నేను … కళాశాలలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. హాల్‌టికెట్ నంబరు … . … తేదీన జరిగిన ప్రమాదంలో నా కుడిచేతి ఎముక విరిగింది. … తేదీ వరకు రాయలేనని ప్రభుత్వ దవాఖాన వైద్యులు ధ్రువీకరించారు. … తేదీ నుంచి … తేదీ వరకు జరిగే … పేపర్లకు స్క్రైబ్‌ను, అదనపు సమయాన్ని అనుమతించవలసిందిగా కోరుతున్నాను. అనుమతి విషయం పరీక్షా కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్‌కు కూడా తెలియజేయగలరు.*

*జతపరిచినవి: వైద్య ధ్రువపత్రం, హాల్‌టికెట్ కాపీ, స్క్రైబ్ గుర్తింపు కార్డు, విద్యార్హత పత్రం కాపీ.*

*సంతకం, ఫోన్ నంబరు, తేదీ.*

చివరి వాక్యం చిన్నదే అయినా వదిలేయకండి. యూనివర్సిటీ అనుమతిచ్చినా ఆ కబురు సెంటర్‌కి చేరక, పరీక్ష రోజు పొద్దున గేటు దగ్గర వాదించుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. ఉత్తర్వు కాపీ మీ చేతిలో కూడా ఉండాలి.

అర్జీ రెండు కాపీలు తీయండి. ఒకటి ఇన్‌వర్డ్ సెక్షన్‌లో (ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. "ఇచ్చిపో, చూస్తాం" అంటే మర్యాదగానే "ఒక ముద్ర వేయండి సార్, ఇంట్లో చూపించాలి" అనండి. మొండికేస్తే స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదే సాక్ష్యం. ఫోన్లో మాట్లాడినా, వాట్సాప్‌లో పెట్టినా లెక్కలోకి రావు.

హాజరు తగ్గితే

సాధారణ నియమం 75 శాతం. అనారోగ్యం లాంటి సరైన కారణం ఉండి 65కి, 75కి మధ్య ఉంటే కొంత ఫీజు కట్టించుకుని కండోనేషన్ ఇస్తారు, అంటే ఆ లోటును మన్నిస్తారు. 65 కన్నా తగ్గితే డిటెన్షన్. అంటే ఆ సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరు, మళ్లీ చదవాలి. మీ కోర్సు నియమాల్లో ఈ అంకెలు ఎలా ఉన్నాయో ఆఫీసులో ఒకసారి చూసుకోండి, ఆటల పోటీలకు, ఎన్‌సీసీకి వెళ్లినవాళ్లకు విడిగా లెక్కేస్తారు.

టైఫాయిడో, డెంగీయో వచ్చి నెల రోజులు మంచాన పడ్డవాళ్లు చేసే పని ఏంటంటే, తగ్గాక కాలేజీకి వచ్చి సెమిస్టర్ చివర్లో షార్టేజీ లిస్టు పెట్టేదాకా ఎదురుచూస్తారు. అలా కాకుండా తిరిగి వచ్చిన మొదటి రోజే మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చి, క్లాస్ టీచర్‌కి చెప్పండి. అప్పటికి ఇంకా తరగతులు మిగిలి ఉంటాయి. 62 దగ్గరున్నవాళ్లు రోజూ వస్తే 66కి చేరొచ్చు. ఆ తేడా మీద ఆరు నెలల చదువు ఆధారపడి ఉంటుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవాళ్లకు ఇంకో మాట. స్కాలర్‌షిప్ రెన్యూవల్‌కి కూడా 75 శాతం లెక్క ఉంది. పరీక్షకి కండోనేషన్ వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకుండా, స్కాలర్‌షిప్ పని చూసే గుమాస్తాతో విడిగా మాట్లాడండి.

గర్భిణులు, బాలింతలు: డిగ్రీ, పీజీ అమ్మాయిలకు హాజరులో, పరీక్ష ఫారాల గడువులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని యూజీసీ (యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ) 2021 డిసెంబరులో యూనివర్సిటీలన్నిటికీ లేఖ రాసింది. ఆ లేఖను అర్జీలో ప్రస్తావించండి. పెళ్లై అత్తగారింటికి వెళ్లి, నెలలు నిండాక దూరం ప్రయాణం చేయలేనివాళ్లు సెంటర్ మార్పు కూడా అడగొచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం కంట్రోలర్ చేతిలో ఉంటుంది. హాల్‌టికెట్లు రాకముందు అడిగితే వీలు ఎక్కువ.

పరీక్ష ఫీజు గడువు దాటితే

ఇది తేలిక. నోటిఫికేషన్‌లో మామూలు గడువు తర్వాత ఫైన్‌తో ఒకటి రెండు గడువులు ఉంటాయి. అవీ దాటితే ప్రిన్సిపాల్ ద్వారా అర్జీ. సెంటర్లకు ప్రశ్నపత్రాల లెక్క వెళ్లేలోపు అడగాలి, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. ముంబైలోనో పుణెలోనో పనికి పోయిన అమ్మానాన్నల నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే ఆ మాట ముందే ప్రిన్సిపాల్ చెవిన వేయండి. లెక్చరర్లు తలా కొంత వేసి కట్టిన సందర్భాలు మన కాలేజీల్లో కొత్త కాదు.

ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్

ఇంటర్నల్ పరీక్ష కాలేజీ చేతిలో ఉంటుంది. మార్కులు యూనివర్సిటీకి అప్‌లోడ్ చేసేలోపు మళ్లీ పెట్టించుకోవచ్చు, సబ్జెక్ట్ లెక్చరర్‌ని, ప్రిన్సిపాల్‌ని ఒప్పించగలిగితే చాలు. అప్‌లోడ్ అయ్యాక సున్నా సున్నాగానే ఉండిపోతుంది.

ప్రాక్టికల్స్ బ్యాచ్‌ల వారీగా జరుగుతాయి. మీ రోజు రాలేకపోతే అదే సెంటర్‌లో తర్వాతి బ్యాచ్‌లో కూర్చోబెట్టమని అడగండి. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ వెళ్లిపోయేలోపే ఇది సాధ్యం. కాబట్టి తెల్లారి జ్వరం వస్తే సాయంత్రం దాకా ఆగకుండా పొద్దున్నే ఇంట్లో ఎవరితోనైనా కాలేజీకి కబురు పంపండి.

స్క్రైబ్, అదనపు సమయం

ఇక్కడ రెండు రకాల విద్యార్థులున్నారు. దారులు వేరు.

మొదటి రకం వైకల్యం ఉన్నవాళ్లు. వీళ్లు అడిగేది దయ కాదు, చట్టం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు, వినికిడి, కదలికలకు సంబంధించినవే కాకుండా తలసీమియా, సికిల్‌సెల్, హీమోఫిలియా, మానసిక అనారోగ్యం, చదవడంలో రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. తమ జబ్బు ఈ జాబితాలో ఉందని తెలియనివాళ్లు మన పల్లెల్లో ఎందరో. ఫ్లోరోసిస్ అన్న పేరు జాబితాలో లేదు. కానీ మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో ఆ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయినవాళ్లకు కదలిక వైకల్యం కింద సర్టిఫికెట్ వస్తుంది. చేతి కీళ్లు బిగుసుకుని రాత నెమ్మదైనవాళ్లు దాన్ని పరీక్షలకీ వాడుకోవాలి, పింఛనుకి మాత్రమే అనుకోకూడదు.

ఆ చట్టంలోని 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ ఇవ్వాలని చెబుతుంది. 2018 ఆగస్టులో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి. మూడు గంటల పేపర్‌కి గంట, రెండున్నర గంటల పేపర్‌కి 50 నిమిషాలు. చూపు లేనివాళ్లకు, రెండు చేతులూ పనిచేయనివాళ్లకు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు అడిగితే స్క్రైబ్ ఇవ్వాల్సిందే. మిగతావాళ్లు రాయలేమని ప్రభుత్వ దవాఖాన సూపరింటెండెంట్ స్థాయి వైద్యుడి నుంచి పత్రం తేవాలి.

40 శాతం లేదు కదా అని వెనక్కి పంపితే? 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే ఇబ్బందితో సివిల్స్ రాస్తున్న అభ్యర్థి కేసులో, స్క్రైబ్ సదుపాయాన్ని 40 శాతం దగ్గర ఆపేయడం తప్పని తీర్పు చెప్పింది. దాని తర్వాత 2022 ఆగస్టులో 40 కన్నా తక్కువున్నవాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. వాళ్లకు ప్రభుత్వ వైద్యుల బృందం ఇచ్చే పత్రం కావాలి. ఈ మార్గదర్శకాలను మధ్యమధ్యలో సవరిస్తుంటారు, దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి.

వైకల్యాన్ని ధ్రువీకరించే యూడీఐడీ కార్డు (ఇదివరకు సదరం సర్టిఫికెట్) పనులు నెలల తరబడి నడుస్తాయి. పరీక్ష నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరగానే, తరగతులు ఇంకా సరిగ్గా మొదలవని ఆ రోజుల్లోనే స్లాట్ బుక్ చేసుకోండి.

రెండో రకం, తాత్కాలికంగా రాయలేనివాళ్లు. చెయ్యి విరిగింది, కాలింది, ఆపరేషన్ అయింది. వీళ్లకు పైన చెప్పిన చట్టం నేరుగా వర్తించదు. యూనివర్సిటీ తన విచక్షణతో ఇస్తుంది. ప్రభుత్వ డాక్టర్ పత్రం బలంగా ఉంటే స్క్రైబ్ విషయంలో సాధారణంగా ఇబ్బంది పెట్టరు. అదనపు సమయం మాత్రం అడిగితేనే, అదీ కొన్నిసార్లే.

స్క్రైబ్‌ని ఎలా వెతకాలి? మీరే తెచ్చుకుంటే మీకన్నా ఒక మెట్టు తక్కువ చదివినవాళ్లు ఉండాలి. డిగ్రీవాళ్లకు ఇంటర్ విద్యార్థి అన్నమాట. తమ్ముడినో, చెల్లినో తేవచ్చా అంటే కొన్నిచోట్ల బంధువులొద్దంటారు, ముందే అడగండి. చేతిరాత అందంగా ఉండడం కన్నా, చెప్పింది చెప్పినట్టు, ఆగకుండా రాయగలగడం ముఖ్యం. మీ సబ్జెక్ట్ పదాలు విని ఉన్నవాళ్లయితే మేలు. లేకపోతే "డెప్రిసియేషన్" ఎలా రాయాలో చెప్పేసరికే ఐదు నిమిషాలు పోతుంది. తెలుగు పేపర్‌కి ఒకరు, ఇంగ్లిష్ పేపర్‌కి ఇంకొకరు కావాలన్నా 2018 మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. యూనివర్సిటీయే స్క్రైబ్‌ని ఇస్తే పరీక్షకు రెండు రోజుల ముందు కలిసి మాట్లాడుకునే వీలివ్వాలి.

చెప్పి రాయించడం అలవాటు లేని పని. మనసులో ఉన్నది చేతిలోకి వచ్చినంత తేలిగ్గా నోట్లోకి రాదు. పాత ప్రశ్నపత్రం పెట్టుకుని, ఆ స్క్రైబ్‌తోనే ఇంట్లో ఒక్క పూట కూర్చోండి. ఎక్కడ పేరా మార్చాలో, ఎక్కడ గీత గీయాలో అప్పుడే తేలుతుంది.

హాల్లో చిన్న చిన్న సర్దుబాట్లు

వీటికి యూనివర్సిటీ దాకా పోనక్కర్లేదు, సెంటర్ చీఫ్ సూపరింటెండెంట్ చాలు. కాలికి పట్టీ ఉంటే కింది అంతస్తులో గది. అమ్మవారు పోసినవాళ్లకు విడిగా కూర్చునే చోటు. నెలలు నిండిన అమ్మాయికి బాత్రూం దగ్గర గది, బల్లకు బదులు కుర్చీ. షుగర్ ఉన్నవాళ్లకు గ్లూకోజ్, బిస్కట్లు, ఇన్సులిన్. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్. డాక్టర్ చీటీ చూపించి, మొదటి పరీక్షకు ముందురోజే వెళ్లి మాట్లాడండి. చేతికి సెన్సర్ పెట్టుకుని ఫోన్లో షుగర్ చూసుకునేవాళ్లుంటే ఫోన్ లోపలికి రానివ్వరు, మామూలు గ్లూకోమీటర్‌కి అనుమతి తీసుకోండి. ఫిట్స్ వచ్చేవాళ్లు ఇన్విజిలేటర్‌కి చెప్పి ఉంచడం అవమానం కాదు, వస్తే ఏం చేయాలో ఆయనకు తెలిసి ఉండాలి.

పరీక్ష మధ్యలో కళ్లు తిరిగినా, నొప్పులొచ్చినా పేపర్ ఇచ్చేసి చప్పుడు చేయకుండా బయటికి రాకండి. ఇన్విజిలేటర్‌కి చెప్పి, అనారోగ్యంతో వెళ్తున్నట్టు సెంటర్ రికార్డులో రాయించండి. అవసరమైతే 108 పిలిపించండి. అదే రోజు దవాఖానలో చూపించుకున్న చీటీ ఉంటే తర్వాత ఏది అడగడానికైనా దారి ఉంటుంది.

రాయాలా, మానాలా?

నిజం చెప్పాలంటే, మన యూనివర్సిటీల్లో ఒక్క విద్యార్థి జబ్బు పడ్డారని విడిగా పరీక్ష పెట్టడం సాధారణంగా ఉండదు. రాకపోతే మెమోలో ఆబ్సెంట్ పడుతుంది, ఆ పేపర్ బ్యాక్‌లాగ్ అవుతుంది. కాబట్టి ఒంట్లో బాగోలేనప్పుడు ఎలా నిర్ణయించుకోవాలి?

నా లెక్క ఇది. రాసి ఫెయిలైనా, రాయకపోయినా మిగిలేది ఒకే బ్యాక్‌లాగ్. కాబట్టి పాసవుతాను అన్న నమ్మకం కొంచెమైనా ఉండి, ఒంటికి ప్రమాదం లేకపోతే వెళ్లి రాయడమే మంచిది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. అత్తెసరు మార్కులతో పాసైతే ఆ మార్కులే ఉండిపోవచ్చు. మార్కులు పెంచుకోవడానికి మళ్లీ (ఇంప్రూవ్‌మెంట్) రాసుకునే వీలు మీ కోర్సులో ఉందో లేదో చూసుకోండి. పీజీ సీటుకో, ఉద్యోగానికో ఆ సబ్జెక్ట్ మార్కులు కీలకమైతే, 102 జ్వరంతో వెళ్లి అత్తెసరు మార్కులు తెచ్చుకోవడం కన్నా బాగా చదివి బ్యాక్‌లాగ్ రాయడం నయం కావచ్చు. గోల్డ్ మెడల్ మీద ఆశ ఉన్నవాళ్లకు ఇది వర్తించదు, అక్కడ మొదటిసారే పాసవ్వాలని చూస్తారు.

మానే ముందు మూడు సంగతులు లెక్క చూసుకోవాలి. పై ఏడాదికి వెళ్లడానికి ఇన్ని క్రెడిట్లు ఉండాలని నియమం ఉంటుంది, ఇప్పటికే ఉన్న బ్యాక్‌లాగ్‌లతో కలిపితే మీరు ఆ గీత దాటుతారా? ఆ పేపర్ మళ్లీ ఎప్పుడు పెడతారు, వచ్చే సెమిస్టర్‌లోనా, ఏడాది తర్వాతా? చివరి సెమిస్టర్ అయితే సీపీగెట్ (పీజీ), ఎడ్‌సెట్ (బీఈడీ) అడ్మిషన్లకు మెమో ఎప్పటికి కావాలి? ఫైనలియర్‌వాళ్లకు ఇన్‌స్టంట్ సప్లిమెంటరీ పెడుతున్నట్టు యూనివర్సిటీ ప్రకటిస్తే, ఆ నోటిఫికేషన్‌కి గడువు చాలా తక్కువ ఉంటుంది, కాలేజీ నోటీసు బోర్డు మీద కన్నేసి ఉంచండి.

ఒకటి రెండు పేపర్లు పోయినంత మాత్రాన మిగతావి మానేయకండి. "ఎలాగూ పోయింది" అని మొత్తం వదిలేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆరింటిలో నాలుగు రాస్తే మిగిలేది రెండే.

ఇంట్లో చావు జరిగితే

పరీక్షల మధ్యలో తండ్రో తల్లో పోతే చట్టం, మార్గదర్శకం ఏదీ అక్కరకు రాదు. ఉన్నది ఒక్కటే, చుట్టూ ఉన్న మనుషులు. పెద్దకొడుకు తలకొరివి పెట్టి మూడో రోజు పరీక్షకు పోతే తప్పేంటని ఊళ్లో పెద్దమనిషి ఒకరు గట్టిగా అంటే చాలు, మిగతా నోళ్లు మూతపడతాయి. పదకొండో రోజు దినం పరీక్ష రోజే పడితే, పూజారితో మాట్లాడి పొద్దున్నే కానిచ్చుకోవచ్చు, మధ్యాహ్నం పేపర్ అయితే ఇబ్బంది లేదు. స్నేహితులు చేయగలిగిన సాయం కూడా ఉంది: ఫీజు గడువులు, హాల్‌టికెట్, రికార్డు సంతకాలు వాళ్లు చూసుకోవచ్చు. రాయలేని స్థితిలో ఉంటే బలవంతం చేయొద్దు. అర్జీ ఒకటి కాలేజీలో పెట్టించి ఉంచండి. హాజరుకీ, ఇంటర్నల్స్‌కీ అది పనికొస్తుంది.

మనసు బాగోలేకపోతే

నిద్ర పట్టదు, పుస్తకం తెరిస్తే గుండె దడ, చచ్చిపోవాలనిపించడం. దీన్ని పరీక్షల టెన్షన్ అని కొట్టిపారేస్తారు. జిల్లా దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, ఓపీ చీటీ అందరితో పాటే. అక్కడి డాక్టర్ ఇచ్చే పత్రం కూడా మిగతా మెడికల్ సర్టిఫికెట్లలాగే చెల్లుతుంది. పేరు బయటపడుతుందని భయముంటే, అర్జీలో "అనారోగ్యం" అని మాత్రమే రాసి, పత్రాన్ని కవర్లో పెట్టి ప్రిన్సిపాల్ చేతికే ఇవ్వండి. ఏ రాత్రయినా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416. డబ్బులేమీ పడవు, తెలుగులో మాట్లాడతారు.

అడిగినా ఇవ్వకపోతే

ముందు కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి రాయండి. 2023 యూజీసీ నియమాల ప్రకారం ప్రతి సంస్థలో ఆ కమిటీ ఉండాలి, 15 పనిదినాల్లో తేల్చడానికి చూడాలి. అక్కడ న్యాయం జరగకపోతే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్ (విద్యార్థుల ఫిర్యాదులపై అప్పీలు వినే వ్యక్తి) దగ్గరికి వెళ్లొచ్చు. వైకల్యం ఉన్నవాళ్లు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. అర్జీ ఎక్కడ ఆగిందో తెలియకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువుంది కాబట్టి ఈ పరీక్షకు అది ఉపయోగపడకపోవచ్చు. కానీ ఇన్‌వర్డ్ నంబరు రాసి "నా అర్జీ మీద తీసుకున్న చర్య ఏమిటి" అని అడిగితే, పడుకున్న ఫైలు లేస్తుంది. ఈ దారులన్నిటిలోనూ మొదట అడిగేది ముద్ర వేసిన ఆ రెండో కాపీనే.

పరీక్ష రేపే ఉందంటే ఇవేవీ పనికిరావు. ప్రిన్సిపాల్ చేత కంట్రోలర్‌కి ఫోన్ చేయించడమే మార్గం.

నెలల తరబడి పట్టే జబ్బయితే

క్యాన్సర్ వైద్యం, డయాలసిస్, పెద్ద యాక్సిడెంటు లాంటివి వస్తే సెమిస్టర్ సెమిస్టర్‌కీ కుస్తీ పట్టకండి. చదువు తాత్కాలికంగా ఆపుతున్నట్టు రాసిచ్చి, కోలుకున్నాక అదే సెమిస్టర్‌లో రీఅడ్మిషన్ తీసుకోండి. చెప్పకుండా మానేసినవాళ్లకు తర్వాత ఇబ్బందులెక్కువ. వెళ్లేముందు కనుక్కోవాల్సినవి: కోర్సు మొత్తం పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఎన్నేళ్ల గడువుంది, ఈలోపు సిలబస్ మారితే ఏం రాయాలి, స్కాలర్‌షిప్ మళ్లీ వస్తుందా. టీసీ మాత్రం తీసుకోకండి. తీసుకుంటే తిరిగి చేరడం కొత్త అడ్మిషన్ కింద పడే ప్రమాదం ఉంది.

రోజూ కాలేజీకి రాలేని పరిస్థితి ఏళ్ల తరబడి ఉంటుందని తేలితే, 1982 నుంచి నడుస్తున్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ స్టడీ సెంటర్లున్నాయి. అక్కడ రోజువారీ హాజరు గొడవ ఉండదు. ఇప్పటిదాకా పాసైన పేపర్లు అక్కడ లెక్కలోకి వస్తాయా లేదా అన్నది చేరకముందే సెంటర్‌లో రాతపూర్వకంగా అడగండి, పాత మెమోలు జిరాక్స్ తీసి జతచేయండి.